సూక్ష్మక్రిములను పెంచుట, గుర్తించుట

సూక్ష్మక్రిములను పెంచు విద్య జర్మనీ దేశమున వృద్ధియైనదని శాస్త్రగ్రంథములు చెప్పుచున్నవి. అయినను అందులో సగము పని లేపాక్షిలో ఇంటింట రాత్రివేళ జరుగుచునే యున్నది. తల్లి పాలు కాచును. అందలి క్రిములు చాలవఱకు నశించును. గోరువెచ్చనగువఱకు ఆర్చును, మిక్కిలి వేడిపాలలో వేసిన తోడు చెడునని యామె యెఱుగును. పిదప నిన్నటి పెరుగు కొంచెము తోడువేసి, మూతపెట్టి, కదల్పక యుంచును. ఆహారమును శుద్ధిచేయుట, క్రిమిని నాటుట, తగిన వెచ్చదనమున నుంచుట: ప్రయోగశాలలో జరుగునదియు నిదియే.

అయితే తోడులో పలుజాతుల క్రిములు కలసియుండును. పెరుగు గట్టిగా తోడుకొన్న చాలును గనుక తల్లికి వాని పేరులతో పనిలేదు. వైద్యునకు అట్లు గాదు. రోగి కఫమునందు నోటిలో సహజముగ నుండు క్రిములు లెక్కకు మిక్కిలిగ నుండగా, వానిలో రోగకారి యేది? ఒక్కదానిని వేరుచేసి దాని సంతానమును మాత్రమే పెంచినగాని నిశ్చయముగ తెలియదు.

ద్రవమునందు క్రిములన్నియు కలసిపోవును. గట్టి పదార్థముపై నయినచో పడినది పడినచోటనే పెరిగి, కంటికి కనబడు చిన్న గుంపగును. రాబర్ట్ కోక్ పండితుడు మొదట ఉడికిన బంగాళాదుంప ముక్కలను, పిదప జెలటిన్‌ను వాడెను. జెలటిన్ దేహపు వేడికే కరగును. మన సీమ మండువేసవిలో బల్లమీదనే నీరగును. కోక్ వద్ద పనిచేసిన వాల్టర్ హెస్సె వైద్యుని భార్య ఫానీ హెస్సె, తాను వంటలో వాడు అగర్ అను సముద్రపు నాచు పదార్థమును 1881లో సూచించెను. అది గడ్డకట్టిన పిదప దాదాపు 85 డిగ్రీల వేడి వఱకు కరగదు. పండితుల చిక్కు వంటయింటిలో విడినదని మా విద్యార్థినులకు చెప్పుట మాకెంతయు నిష్టము. మూతగల గాజుపళ్లెమును పెట్రి 1887లో ప్రకటించెను.

నాటుట యెట్లన: కొన చుట్టబడిన తీగను సారాదీపమున ఎఱ్ఱగ కాల్చి, ఆర్చి, నమూనాను తాకించి, పళ్లెపు అంచున గీతలు గీయుదురు. మరల కాల్చి, ఆ గీతల కొననుండి క్రొత్త గీతలు, మరల అట్లే. విత్తనపు సంచి ఖాళీయగుకొలది చాలులో వేరుసెనగ గింజలు పలుచబడినట్లు, కడపటి గీతలలో క్రిములు విడివిడిగ పడును. పళ్లెమును బోర్లించి యుంచుదురు; లేనిచో మూతకు పట్టిన చెమ్మ జారి గుంపులను కలిపివేయును.

గుర్తించుటకు మొదటి మెట్టు రంగు. 1884లో గ్రామ్ అను డెన్మార్కు వైద్యుడు ప్రకటించిన పద్ధతిని బట్టి, ఊదారంగు, అయొడిన్, సారా, ఎఱుపు క్రమముగ వాడుదురు. పెరుగు క్రిములు ఊదాగ నిలుచును. టైఫాయిడు క్రిమి ఎఱ్ఱనగును. రంగుతోనే జాతి తేలదు. ఏ చక్కెరను పులియించునో మొదలగు పరీక్షలు పిదప చేయవలెను. పాఠశాలలో పెరుగు క్రిములను చూచిన చాలును. తెలియని క్రిములను పెంచి మూత తీయుట ప్రమాదము.

క్షయక్రిమి ఈ పద్ధతులకు సులభముగ లొంగదు. కోక్ దీనిని 1882 మార్చి 24న బెర్లినులో ప్రకటించెను. దాని పైపొర మైనమువంటిది. అందుచే ఎఱ్ఱరంగును వేడిచేసి పట్టించి ఆమ్లముతో కడుగుదురు. ఇతర క్రిములు రంగు వదలును, ఇది వదలదు. అనుకూలమైన చోట సాధారణ క్రిములు కొన్ని యిరువది నిమిషములకు రెండగుచుండగా, దీనికి దాదాపు ఒక దినము పట్టును. కావున కఫమును క్షారముతో శుద్ధిచేసి, కోడిగ్రుడ్డుతో చేసిన గట్టి ఆహారముపై నాటి, ఎనిమిది వారముల వఱకు వేచియుందురు. పొడిపొడిగా, లేతపసుపుగా గుంపులు లేచును.

మనకు తూర్పున మదనపల్లె యొద్ద ఆరోగ్యవరమున మిషనులు కలసి 1912లో క్షయవైద్యశాలను స్థాపించినవి. క్రిమి తెలిసినను చంపు మందు లేని కాలమది. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. స్ట్రెప్టోమైసిన్ 1943లో బయలుపడిన పిదప పెంపకమునకు క్రొత్త ప్రయోజనము కలిగెను. ఆహారములో మందు కలిపి నాటుదురు. అయినను పెరిగినచో ఆ మందు ఆ రోగికి పనిచేయదు. మాత్రలను నడుమ మానినవారి క్రిములు ఇట్లు మొండివగుట కలదు.

నేడు జన్యుపరీక్ష సుమారు రెండుగంటలలో క్షయను, రిఫాంపిసిన్‌కు లొంగనితనమును తెలుపుచున్నది. కాని చచ్చిన క్రిమి జన్యువును కూడ అది పట్టును. చికిత్స నడుమ క్రిమి బ్రతికియున్నదా యని తెలియుటకు గ్రుడ్డు ఆహారముగల ఆ సీసా వంటి పెంపకమే యిప్పటికిని కావలసియున్నది. రెండువారములు దాటి దగ్గు నిలిచినచో పరీక్షకు ఉమ్మినీరు గాక, లోతుగ దగ్గి తీసిన కఫమునే యీయవలెను.