పరదేశియు, బండ్ల కావలివాడును

నాంపల్లి రైలుస్టేషను 1907వ సంవత్సరమున ఏర్పడినది. నేటికిని రైలుబండిలో హైదరాబాదునకు వచ్చు పరస్థలమువారిలో అనేకులు మొదట అడుగు పెట్టునది అక్కడనే. వాకిలి దాటి స్టేషను రోడ్డు పట్టుకొని నడచినచో కొంతసేపటికి అబిడ్సు కూడలి వచ్చును. ఈ కొద్దిపాటి దూరములోనే బండి ఇచ్చట నిలుపుడని పిలుచువారును, నిలుపరాదని తరుమువారును ఎందరో కానవచ్చుదురు.

పాఠశాల చదువు ముగించి, పిమ్మట అన్యదేశములకు బోవువారు మనలో ఏటేట హెచ్చుచున్నారు. అచ్చటి పెద్ద అంగళ్లలో, షాపింగు మాలులలో పిల్లలు ఎట్లు మెలగవలెనో వ్రాయుడని కొందరు తల్లిదండ్రులు మమ్మడిగిరి. దూరదేశములను గూర్చి ఉపన్యసించుటకంటె మన ముంగిటనున్న ఈ వీధినే పాఠముగా గ్రహించుట మేలని మాకు తోచినది. ఏలయన, ఇచ్చట మనము ఇంటివారము. ఇచ్చటికి వచ్చిన పరదేశికి ఏది తెలియదో మనకు చక్కగా తెలియును. ఆ తెలియనిదే రేపు మరియొక యూర మనకు తెలియకపోవును.

ఈ పేటకు పేరిచ్చినవాడు సయితము పరదేశియే. ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మేనియా జాతీయుడు ఆరవ నిజామైన మహబూబ్ అలీ పాషావారి కొలువున అంతరంగిక సేవకుడుగా నుండి, ఇచ్చట ఒక అంగడి పెట్టెను. అంగడి పోయినది, పేరు నిలిచినది. 1891లో జేకబు అను వర్తకుడు నిజాముగారికి ఒక గొప్ప వజ్రమును అమ్మజూపినప్పుడు బేరము నడుమ నున్నవాడును ఈ ఆబిదే. ఇచ్చిన సొమ్ము కొనుగోలు క్రింద ఇచ్చినదని ఒకరు, కాదు, నచ్చినచో కొనుటకై ఉంచిన సొమ్మని మరియొకరు వాదింపగా వ్యవహారము కలకత్తా హైకోర్టు దాక పోయెను. అంతటి ప్రభువునకే షరతు తేటపడక చిక్కు వచ్చినప్పుడు, పది ఇరువది రూపాయల పార్కింగు చీటీవద్ద పరదేశి తికమకపడుటలో వింత యేమున్నది?

ఆ చీటీ సంగతి ముందు చెప్పుదుము. అబిడ్సులో పండుగదినములనో, ఆదివారము పాతపుస్తకములు కాలిబాటపై పరచినప్పుడో నిలిచి చూడుడు. మోటారుబండి మెల్లనైనంతనే ఒకడు ఈల వేయుచు వచ్చి, "ఆనేదో, ఆనేదో, బస్!" అని చేయి యూపును. బండి నిలిచినది, చేయి చాపును. ఇంటివాడు ఒక్క చూపులో పోల్చుకొనును: వీడు అంగడివారు పెట్టిన మనిషియా, గుత్తకు తీసికొన్నవారి మనిషియా, లేక ఈల తప్ప మరేమియు లేనివాడా యని. పరదేశికి ఈ భేదము తెలియదు. ఈల యున్నవాడెల్ల అతనికి అధికారియే. కనుక అతడు అడిగినంత ఇచ్చును. లేదా అందరును మోసగాండ్రే యని తలచి నిజమైన కావలివానితో సయితము కలహించును. రెండవది మొదటిదానికంటె నష్టము. ఎందుకో ముందు తెలియగలదు.

తెలంగాణ ప్రభుత్వమువారు 2018 మార్చిలో మాలులను, అనేక చిత్రశాలలుండు భవనములను గూర్చి ఒక ఉత్తరువు చేసి ఏప్రిల్ 1 నుండి అమలుపరచిరి. దాని ప్రకారము మొదటి 30 నిమిషములకు ఎవరివద్దను రుసుము తీసికొనరాదు. అటుపిమ్మట గంటవరకు, అచ్చట ఏదైన కొనిన బిల్లు చూపినవారికి రుసుము లేదు. గంట దాటినచో బిల్లు మొత్తము పార్కింగు రుసుముకంటె హెచ్చుగా నున్నవారికి మినహాయింపు. విద్యార్థులు దీనిని లెక్కల పాఠముగా చేసికొనవచ్చును. అయితే ఇట్టి ఉత్తరువు ఊరివారిలోనే అనేకులకు తెలియదు. పరదేశమునకు బోయినవాడు మొదట చేయదగిన పని, బండి దిగుటకు ముందే అచ్చటి పలకమీద వ్రాసినది చదువుట. ఎంత సేపటికి ఎంత, ఏ వేళకు తలుపులు మూయుదురు, చీటీ పోయినచో ఏమి చేయవలెను అనునవి సామాన్యముగా అందే యుండును. పలక లేనిచోట, వసూలుచేయువారి పేరును, వచ్చిన గంటయు లేని చీటీకి డబ్బిచ్చుటకంటె ఇంకొక తావు వెదకుకొనుట మంచిది.

ఇంతవరకు చెప్పినది డబ్బు మాట. డబ్బు పోయినచో మరల వచ్చును. ఇక ప్రాణము మాట.

మేము పై తరగతి విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని ఒక సెలవునాడు ఈ వీధులలో తిరిగితిమి. ప్రతి పెద్ద అంగడివద్దను బండ్ల కావలివానిని ఒకే ప్రశ్న అడుగుమంటిమి: "అన్నా, ముందు తలుపు గాక బయటికి వచ్చుటకు మరియొక దారి యున్నదా?" విద్యార్థులు తెచ్చిన జవాబులు మమ్ము ఆశ్చర్యపరచినవి. లోపల దుస్తులమ్ము ఉద్యోగులకు తెలియని వెనుకదారులు బయట ఎండలో నిలిచిన ఈ మనుష్యులకు తెలిసియున్నవి. ఏ తలుపు ఏ సందులోనికి తెరచుకొనునో, ఏ తాళముచెవి ఎవరి జేబులో నుండునో, సామానుల లారీ ఏ వేళకు వచ్చి దారి మూయునో వారు చెప్పగలిగిరి. ఒక చోట మాత్రము కావలివాడు నవ్వి, "రెండో మెట్లదారి ఉంది బాబూ, దాంట్లో డబ్బాలు పెట్టిన్రు" అనెను. వెళ్లి చూడగా నిజమే. అట్టపెట్టెలు కప్పుదాక పేర్చి తలుపునకు తాళము వేసియుండిరి. ఆ అంగడి పేరు ఇచ్చట వ్రాయము. అట్టివి ఒకటి గాదు.

క్రింది అంతస్తునకు సెల్లారు అను పేరు మన నగరమున వాడుకలో నున్నది. అది బండ్లు నిలుపుటకై యుద్దేశింపబడిన తావు. అద్దె ఆశచేత దానిని గిడ్డంగిగానో, అంగడిగానో మార్చుట అలవాటైనది. దాని ఫలమెట్టిదో రెండు దుర్ఘటనలు చూపినవి. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో ఒక వసతిగృహపు క్రిందిభాగమున నున్న విద్యుత్ స్కూటర్ల అంగడిలో నిప్పు పుట్టెను. పొగ మెట్లదారి వెంట పై గదులకు ఎగబ్రాకెను. 8 మంది చనిపోయిరి. వారిలో పలువురు ఇతర ప్రాంతములనుండి పనిమీద వచ్చి ఆ రాత్రి అచ్చట బసచేసినవారు. మరుసటి యేడు నవంబరు 13న మన నాంపల్లిలోనే, బజారుఘాటునందు, నివాసగృహములుండు ఒక భవనపు క్రిందిభాగమున నిలువచేసిన రసాయనపు డ్రమ్ములు అంటుకొని కనీసము 9 మంది ప్రాణములు గోల్పోయిరి.

ఇందు గమనింపదగిన శాస్త్రవిషయ మొకటి కలదు. వేడి గాలి తేలికయై పైకి పోవునని విద్యార్థులు చదివియున్నారు. క్రింద నిప్పు పుట్టినప్పుడు మెట్లదారియు, లిఫ్టు నడచు గుంటయు పొగగొట్టమువలె పనిచేయును. నిప్పు రాకమునుపే పొగ వచ్చును. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము. కావున అట్టివేళ లిఫ్టు నెక్కరాదు. పొగలో నడువవలసివచ్చినచో నేలకు వంగి పోవలెను, ఏలయన శుభ్రమైన గాలి క్రిందనే మిగిలియుండును. అన్నిటికంటె ముఖ్యము, రెండవ దారి ఎచ్చటనున్నదో పొగ రాకమునుపే తెలిసియుండుట. వచ్చిన దారినే తిరిగి పోవుట మనుష్యుని స్వభావము. ఇంటివానికి ఇతర దారులు కూడ జ్ఞప్తికి వచ్చును. పరదేశికి తెలిసిన దారి ఒక్కటే. ఆ ఒక్కటి పొగతో నిండినచో అతనికి దారి చూపువాడు బయట నిలిచిన కావలివాడు తప్ప వేరొకడు లేడు. అందువలననే అతనితో కలహించుట నష్టమని పైన వ్రాసితిమి.

నుమాయిష్ సంగతి ఎరుగనివారు మనలో లేరు. 1938లో పబ్లిక్ గార్డెన్సునందు మొదలై, 1946 నుండి నాంపల్లి మైదానమునకు మారిన ఈ ప్రదర్శన సామాన్యముగా జనవరి 1న తెరువబడును. అజంతా ద్వారము, గాంధీభవను ద్వారము, గోషామహలు ద్వారము అని దానికి మూడు ప్రవేశములు. 2019 జనవరి 30 రాత్రి అచ్చట నిప్పంటుకొని అనేక దుకాణములు బూడిదయ్యెను. ప్రాణనష్టము లేకపోవుట గొప్ప అదృష్టము. ఆ ప్రదర్శనకు పిల్లలతో బోవు తల్లిదండ్రులకు మా మనవి యొకటే. బండి ఏ ద్వారమువైపు నిలిపితిరో ఆ ద్వారపు పేరు పిల్లలచేత పలికింపుడు. తప్పిపోయినప్పుడు కలిసికొను తావు బండి కాకూడదు. చీకటిలో వేల బండ్ల నడుమ పిల్లవాడు దానిని పోల్చుకొనలేడు. అందరికి కానవచ్చు ద్వారమే కలిసికొను తావు కావలెను. ఇతర దేశముల మాలులలోనైన ఇంతే: అంతస్తు సంఖ్యయు, స్తంభముమీది అక్షరమును దిగినవెంటనే కాగితముపై వ్రాసికొనవలెను, లేదా చేతిఫోనుతో పటము తీసికొనవలెను.

ఇక సముద్రము దాటి చూతము. 2023 మే 6న, శనివారము మధ్యాహ్నము, అమెరికా దేశపు టెక్సాసు రాష్ట్రములోని ఆలెన్ పట్టణమున ఒక పెద్ద అంగళ్ల సముదాయము జనముతో నిండియుండెను. ఒక దుర్మార్గుడు పార్కింగు తావున కారు దిగి, అచ్చటనే తుపాకి కాల్చ నారంభించెను. 8 మంది అమాయకులు చనిపోయిరి. వారిలో మన హైదరాబాదునుండి బోయి అచ్చట ఇంజనీరుగా పనిచేయుచుండిన యువతి యొకర్తె. ఆ వార్త వచ్చిన దినమున మన నగరమున ఎన్ని ఇండ్లలో తల్లులు కొడుకులకు, కూతుండ్రకు ఫోను చేసిరో చెప్పలేము. మరియొక సంగతి కూడ ఆ వార్తలోనే యున్నది. ఆ బజారు కావలివాడొకడు జనమును సురక్షితముగా తప్పింప జూచుచు తానును ప్రాణము విడిచెను. వేరొక పనిమీద అచ్చటనే యున్న పోలీసు ఉద్యోగి యొకడు ఆ హంతకుని కాల్చి చంపెను.

ఇట్టి ఉపద్రవములకు పూర్తిగా అడ్డు కట్టు నేర్పు ఎవరికిని లేదు. ఉన్నదని చెప్పి తల్లిదండ్రులను మభ్యపెట్టుట మాకిష్టము లేదు. అయినను కొంత చేయవచ్చును. అచ్చటి పోలీసువారు బోధించు క్రమము చిన్నది: పారిపోవ వీలున్నచో సామాను వదలి పారిపొమ్ము, లేనిచో తలుపు మూసి, ఫోను చప్పుడు ఆపి దాగుము, ఏదియు సాగనప్పుడే ఎదిరింపుము. పిలువవలసిన సంఖ్య దేశమునుబట్టి మారును. మనకు 112, అమెరికాలో 911, బ్రిటనులో 999, ఆస్ట్రేలియాలో 000. విమానము దిగినదినముననే ఆ దేశపు సంఖ్యను కంఠస్థము చేయవలెను. మన పిల్లలు ఆపదలో మొదట ఇంటికి ఫోను చేయుదురు. ఏడువేల మైళ్ల దూరమున నున్న తండ్రి దుఃఖించుట తప్ప ఏమి చేయగలడు? మొదటి పిలుపు ఆ ఊరి పోలీసులకు, రెండవది ఇంటికి. ఈ మాట తల్లిదండ్రులే పిల్లలతో చెప్పి అనుమతి యిచ్చుట అవసరము. లేనిచో వారు కన్నవారిని కాదనుకొన్నట్లు భావించి సంకోచింతురు.

నాంపల్లి మెట్రో స్టేషను చెంత యంత్రములే కార్లను ఎత్తి నిలుపు విధమున 15 అంతస్తుల భవనము లేచినది; అందు 10 అంతస్తులు బండ్లకే. దానిని చూచి మన బాలురు మిక్కిలి ముచ్చటపడుదురు, మాకును ముచ్చటయే. స్థలము కలిసివచ్చును, గొడవ తగ్గును. అయితే మా నడకలో వెనుకదారులు చెప్పిన ఆ మనుష్యులలో అనేకులకు కూర్చుండుటకు బల్ల లేదు. దినమెల్ల బండ్ల పొగ పీల్చుచు, ఎండకు తలగుడ్డ మాత్రము కట్టుకొని పనిచేయుచున్నారు. నిప్పు నార్పు పనిముట్టు పట్టుకొనుట ఎవరైన నేర్పిరా యని అడుగగా, తల యడ్డముగా నూపినవారే హెచ్చు. అంగడి యజమానులు మన పాఠకులలో కొందరు గలరు. ఒక పూట తీరిక చేసి ఆ పనిముట్టు సంగతి వారికి నేర్పించుటకు పెద్ద వ్యయము పట్టదు.

మన పాఠశాల వార్షికోత్సవమునాడు ద్వారమునకు ఎదురుగా బండ్లు నిలిచి, నిప్పు నార్పు శకటమే వచ్చినను లోనికి రాజాలని స్థితి యేర్పడుచున్నది. అందుచేత ఈ యేడు ద్వారము మొదలు సభామంటపము వరకు తాడు కట్టి దారి విడిచియుంచుటకు నిశ్చయింపబడినది. బండ్లన్నియు ఆటమైదానపు పడమటి వైపున నిలుపవలెను. వెనుక గోడలోని చిన్న తలుపు ఆ దినమెల్ల తెరచియుండును. పదవ తరగతి విద్యార్థులు నలుగురు అచ్చట నిలిచియుందురు. దారి వారిని అడుగవచ్చును.