బరువు తగ్గే ఆపరేషనుకు ముందు ఆ రెండు వారాలు



ఊబకాయానికి చేసే ఆపరేషను మా ఆసుపత్రిలో చేయము. అవసరమైన వారిని విజయవాడ పంపుతాము. అయితే బందరు, గుడివాడ, దివిసీమ గ్రామాల నుండి వెళ్ళేవారు ముందు పరీక్షలకు, తరువాత కట్లకు మా వద్దకే వస్తారు. వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "తగ్గలేకే గదమ్మా ఆపరేషనుకు పోయేది, మళ్ళీ ముందు తగ్గి రమ్మంటారేమిటి?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన కాలేయంలో ఉన్నది.

కాలేయం కుడివైపు పక్కటెముకల క్రింద ఉంటుంది. దాని ఎడమ భాగం జీర్ణకోశం మీదకు వాలి ఉంటుంది. డాక్టరుగారు పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ, ఆ భాగాన్ని పైకెత్తి పట్టి జీర్ణకోశాన్ని కోయాలి. లావుగా ఉన్నవారిలో ఎక్కువమందికి కాలేయంలో కొవ్వు పేరుకొని ఉంటుంది. అటువంటి కాలేయం పెద్దదై, బరువెక్కి, ఎత్తితే చిట్లి రక్తం కారుతుంది. అన్నం, తీపి బాగా తగ్గిస్తే మొదట కాలేయంలో నిలవ ఉన్న పిండిపదార్థం, దానితో పాటు నీరు పోతాయి. పిండిపదార్థం ఒక గ్రాము ఉంటే దాన్ని అంటిపెట్టుకొని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తరువాత కొవ్వు కరుగుతుంది. రెండు వారాలలోనే కాలేయం చెప్పుకోదగినంత చిన్నదవుతుంది. కాటా మీద ఎన్ని కిలోలు తగ్గారన్నదాని కంటే డాక్టరుగారికి ముఖ్యం ఇదే.

అవనిగడ్డ వైపు నుండి వచ్చిన ఒక సోదరి సంగతి మేము మరువలేము. ఆమె మధ్యాహ్నం అన్నం మానినది గాని రాత్రికి మామూలుగానే తిన్నది. "ఇక జన్మలో తినలేవు" అంటూ బంధువులు వరుసగా భోజనానికి పిలిచారు. ఒకరు బిర్యానీ, ఒకరు రొయ్యల వేపుడు, బయలుదేరే ముందు రోజు బందరు లడ్డు. తీరా కెమెరా పెట్టి చూసి, కాలేయం ఎత్తడానికి వీలుకాక, ఏమీ చేయకుండానే కుట్లు వేసి పంపివేశారు. మత్తు, ఖర్చు, నొప్పి అన్నీ పడి, ఆపరేషను కాకుండా ఇంటికి వచ్చింది. తప్పు ఆమెది కాదు, పెట్టినవారిది అని మా అభిప్రాయం. కొంత మాది కూడ. ఆమె చేతికి కాగితం ఇచ్చామే గాని అత్తగారిని కూర్చోబెట్టి చెప్పలేదు. ఇప్పుడు వంట చేసేవారిని వెంట తీసుకొని రమ్మంటున్నాము.

సాధారణంగా రోజుకు 800 నుండి 1,000 కాలరీల వరకే తినమంటారు. మన వైపు రెండుసార్లు వడ్డించుకునే అన్నం, సుమారు 400 గ్రాములు, ఒక్కటే 500 కాలరీలు దాటుతుంది. అందుకే ఆ రెండు వారాలు అన్నం, ఇడ్లీ, దోసె, పంచదార, పండ్లరసం మానాలి. గ్రుడ్డు తెల్లసొన, నూనె వేయని చేపల పులుసు, వెన్న తీసిన మజ్జిగ, సొర, బీర, పొట్ల, ఆకుకూరలు తినవచ్చు. మాంసకృత్తుల పొడి వ్రాసిస్తే అదీ త్రాగాలి. కొలత మాత్రం ఆపరేషను చేసే డాక్టరుగారిదే. మొదటి మూడు రోజులు తలనొప్పి, నీరసం, విసుగు ఉంటాయి. నాలుగవ రోజుకు చాలామందికి సర్దుకుంటుంది.

ఉపవాస ప్రార్థనలో ఉంటాము, అది చాలదా అని కొందరు అడుగుతారు. పగలంతా ఏమీ తినక రాత్రి కడుపునిండా అన్నం తింటే కాలేయం మళ్ళీ నిండుతుంది. పైగా షుగరు ఉన్నవారికి ప్రమాదం. గ్లిమిపిరైడ్ బిళ్ళ గాని, ఇన్సులిన్ గాని పాత మోతాదులోనే వాడుతూ తిండి తగ్గిస్తే షుగరు పడిపోతుంది. చెమటలు పట్టి చేతులు వణికితే పథ్యం సంగతి మరచి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు మరీ జాగ్రత్త. తిండి తగ్గినప్పుడు ఈ మందుల వలన షుగరు ఎక్కువ లేకుండానే రక్తంలో ఆమ్లం పెరగవచ్చు. వాంతులు, ఆయాసం వస్తే రాత్రయినా ఆసుపత్రికి రావాలి. ఆపరేషనుకు కొన్ని రోజుల ముందే వీటిని ఆపిస్తారు. మీకై మీరు మానవద్దు, అడగకుండా కొనసాగించనూ వద్దు. చుట్ట, సిగరెట్టు మాత్రం అడగనక్కరలేదు, ఈ రోజే మానండి.

"ఇలా తగ్గగలిగితే ఇక ఆపరేషను ఎందుకు?" అని ఇంట్లోవారు అంటారు. ఇంత తక్కువ తిండితో రెండు వారాలు ఉండవచ్చు గాని రెండేళ్ళు ఉండలేరు. బరువు తగ్గేకొద్దీ ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది. స్లీవ్ ఆపరేషనులో జీర్ణకోశంలో సుమారు ముప్పావు భాగం తీసివేస్తారు, ఆ హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే.

మరికొందరు సినీనటి ఆర్తీ అగర్వాల్ పేరు చెప్పి భయపడతారు. ఆమె 2015 జూన్‌లో అమెరికాలో మరణించారు. అంతకు కొద్ది వారాల ముందు ఆమె చేయించుకున్నది లైపోసక్షన్ అని పత్రికలు వ్రాశాయి. అది చర్మం క్రింది కొవ్వును పీల్చివేసే పద్ధతి. మేము చెబుతున్నది వేరు. దీనిలోనూ ప్రమాదం లేకపోలేదు, అది తగ్గించడానికే ఈ రెండు వారాలు.

అవనిగడ్డ సోదరి ఆరు నెలలకు మళ్ళీ వెళ్ళింది. ఈసారి అత్తగారు ఇంట్లో అందరికీ సొరకాయ పులుసే వండారు. పండుగ పిండివంటలు పక్కింటివారికి పంపివేశారట. ఆపరేషను జరిగింది.

మీలో ఎవరైనా వెళ్ళదలచుకుంటే ముందుగా మా వద్దకు రండి. మీరు వాడే మందులన్నీ, ఖాళీ అట్టలైనా సరే, సంచీలో వేసుకొని తీసుకురండి.