తాడి కాని తాడి: కార్డిలైన్ వృక్షము

ఇంగ్లండు దక్షిణతీరమున టార్కీ అను పట్టణము కలదు. ఆ పట్టణపు ఛాయాచిత్రములలో సముద్రపుటొడ్డున బారులు తీరి నిలిచిన తాడిచెట్ల వంటివి కనిపించును. మంచు కురియు దేశమున తాడిచెట్లెట్లు మొలచినవని విద్యార్థికి సందేహము కలుగుట సహజము. అవి తాడిచెట్లు కావు. స్థానికులు 'టార్బే పామ్' అని పిలుచు ఈ వృక్షము శాస్త్రీయనామము కార్డిలైన్ ఆస్ట్రాలిస్. దాని జన్మభూమి న్యూజీలాండ్.

ఉర్దూలో తాడ్ అనుదానినే మనము తెలుగులో తాడి అందుము. అచ్చట భాషలు రెండైనను చెట్టొక్కటే. ఇచ్చట పేరు తాడిది, చెట్టు వేరొకటి. నేటి వర్గీకరణము ననుసరించి కార్డిలైన్ శతావరి కుటుంబమునకు చెందినది. మన వైద్యులు వాడు శతావరికి ఇది దూరపు చుట్టము. కొబ్బరికి, ఖర్జూరమునకు కాదు. భేదము కంటికి కూడ తెలియును. తాడి ఏండ్ల తరబడి ఒకే మ్రానుగా పెరుగును. కార్డిలైన్ తొలిసారి పూచువరకే ఒంటిమ్రాను. పూగుత్తి కొననుండి వెలువడుటచే ఆ కొన పెరుగుదల అంతటితో ముగిసి, దాని ప్రక్కనుండి కొమ్మలు చీలును. అంతేకాక, ఏకదళబీజ వృక్షములలో అరుదైన ద్వితీయవృద్ధి దీనికి కలదు. అనగా కాండము ఏటేట లావెక్కును. స్వదేశమున ఇది 20 మీటర్ల ఎత్తువరకు పెరుగగలదు.

కెప్టెన్ కుక్ రెండవ సముద్రయానమున (1772-75) వెంటనున్న జార్జ్ ఫోర్‌స్టర్ 1786లో దీనిని డ్రసీనా జాతిలో చేర్చి వర్ణించెను. తరువాత అది కార్డిలైన్ జాతికి మారినది. తోటమాలులు మాత్రము పాతపేరును నేటికిని విడువలేదు. మావోరీ ప్రజలకిది అలంకారవృక్షము కాదు. వారు దీనిని 'టీ కౌకా' అందురు. దీని వేరుదుంపలను, కాండమును భూమిలో త్రవ్విన పొయ్యిలలో చాలసేపు ఉడికించి, అందలి తీపిని ఆహారముగా గ్రహించిరి. ఆకుల నారతో త్రాళ్ళు పేనిరి, చెప్పులు అల్లిరి. తెల్లవారు వచ్చి లేతమొవ్వును కూరగా వండుకొని, 'క్యాబేజీ చెట్టు' అని పేరు పెట్టిరి. మావోరీ నామమే ఇంపుగా నున్నదని మా అభిప్రాయము.

ఇక రంగుల విషయము. సహజవృక్షము ఆకులు పచ్చనివే. తోటలలో పెంచు రకములు అనేకములు: ఊదాయెరుపు ఆకుల 'పర్పురియా', ముదురెరుపు 'రెడ్ స్టార్', మీగడచారల 'టార్బే డాజ్లర్', నడియీనె ఎరుపెక్కి అంచులు గులాబిరంగు దేలు 'ఆల్బర్టీ'. ఎర్రని రకములు విత్తనములనుండి కొంతవరకు వచ్చును గాని, మొక్కకును మొక్కకును ఛాయ మారుచుండును. చారల రకము విత్తనముచే రాదు. పిలకలచేతనో, కణజాలవర్ధనముచేతనో మాత్రమే దానిని వృద్ధిచేయవలెను. రంగునకు మూల్యము కూడ కలదు. చారల ఆకులలో పత్రహరితము తక్కువగుటచే పెరుగుదల మందగించును. రంగుల రకములు పచ్చనివానివలె చలికి నిలువవు.

సమశీతోష్ణ తోటలలో దీనిని పెంచుటకు మొదటి నియమము నీరు నిలువని నేల. ఎర్రని రకములకు నిండుటెండ, చారల రకములకు కొంచెము నీడ మేలు. వేసవిలో నీరు, నెలకొకసారి ఎరువు చాలును. తొట్టిలో వేళ్ళకు రక్షణ తక్కువ గనుక, చలికాలమున తొట్టిమొక్కను లోనికి చేర్చుట మంచిది. నేలలోని ముదురుచెట్టు సున్నకు దిగువ అయిదారు డిగ్రీల చలిని కొద్దికాలము ఓర్చుకొనును. చలి హెచ్చినపుడు ఆకులన్నిటిని పైకి కూడదీసి త్రాటితో జుట్టుముడివలె కట్టుదురు. ఇది వేడుకకు కాదు. మొవ్వులో చేరిన నీరు గడ్డకట్టినచో పెరుగు కొన చచ్చును. మంచు కరగిన పిదప లోపలి ఆకులు దుర్గంధముతో చేతికి ఊడివచ్చును.

గల్ఫ్ ప్రవాహపు వెచ్చదనము వలన స్కాట్లండు పశ్చిమతీరమున ప్లాక్టన్ అను గ్రామమున సైతము ఈ చెట్లు బ్రతుకుచున్నవి. కాని 2010 డిసెంబరు, 1910లో లెక్కలు మొదలైనది లగాయతు బ్రిటనులో అత్యంత శీతలమైన డిసెంబరు. అప్పుడు దశాబ్దముల వయసుగల చెట్లెన్నో మ్రోడువారినవి. పలువురు వానిని మృతములని తలచి పెకలించిరి. తొందరపడక వేచినవారి తోటలలో మాత్రము నేలలోని దుంపనుండి పిలకలు లేచినవి. కావున చలిదెబ్బ తిన్న చెట్టును వేసవి నడుమవరకు త్రవ్వరాదు. మెత్తబడిన భాగమును గట్టి కలప తగులువరకు కోసివేసిన చాలును.

చలికన్న ఘోరమైన ఆపద స్వదేశముననే వచ్చినది. 1987లో న్యూజీలాండ్ ఉత్తరభాగమున చెట్లు హఠాత్తుగా పసుపుబారి, నెలల వ్యవధిలో ఆకులన్నియు రాల్చి చనిపోజొచ్చినవి. నార్త్‌లాండ్, ఆక్లండ్ ప్రాంతములలో అది మహామారి రూపము దాల్చినది. కారణము ఫైటోప్లాస్మా అను సూక్ష్మజీవి. రసము పీల్చు కీటకములు దానిని చెట్టునుండి చెట్టునకు చేర్చును. ఇచ్చట మొవ్వు కట్టుటవంటి తోటమాలి ఉపాయము పనిచేయదు.

మన దక్కను పీఠభూమి ఎండలకు ఈ వృక్షము తగినది కాదు. ఇచ్చటి నర్సరీలలో డ్రసీనా అను పేర తరచు అమ్ముడుపోవు, వెడల్పాటి ఎర్రని ఆకుల మొక్క దీని సోదరజాతియగు కార్డిలైన్ ఫ్రుటికోసా. దానికి వరండా నీడయు తేమయు కావలెను. గడ్డకట్టు చలికి అది ఒక్కరాత్రి కూడ నిలువదు.