జెండా చొక్కా వేసుకొచ్చిన పిల్లాడితో ఏం మాట్లాడాలి

కాలిఫోర్నియాలో శాన్ హోసే చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో చాలాకాలం లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ ఏప్రిల్ చివరికొచ్చేసరికి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తెలుగు టీచర్లు ఫోన్ చేస్తుంటారు. "అక్కయ్యగారూ, సింకో డె మాయో నాడు ఫలానా చొక్కాలు వేసుకురావద్దని నోటీసు పెడదామంటున్నారు, పెట్టొచ్చా?" అని. ఆగస్టులో తల్లుల వంతు. ఇక్కడ చాలా బడులు ఆ నెల మధ్యలోనే తెరుస్తారు గనక పదిహేనో తారీకు ఒక్కోసారి బడి రోజే అవుతుంది. మూడు రంగుల కుర్తా వేసి పంపొచ్చా, ఎవరైనా ఏమైనా అంటారా అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. అందుకే రాసి పెడుతున్నాను.

1. గొడవ జరిగిన రోజు గురించి వింటే చాలదు, దాని వెనక ఏడాది గురించి కూడా అడగాలి.

శాన్ హోసేకి దక్షిణాన మోర్గన్ హిల్ అని చిన్న ఊరుంది. 2010 మే 5న అక్కడి లైవ్ ఓక్ హైస్కూల్‌కి కొందరు కుర్రాళ్ళు అమెరికా జెండా బొమ్మలున్న చొక్కాలు తొడుక్కొచ్చారు. ఆ రోజు సింకో డె మాయో. మెక్సికన్ కుటుంబాల పిల్లలు పండగ హడావిడిలో ఉన్నారు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ఈ కుర్రాళ్ళని పిలిచి, చొక్కాలు తిరగేసి తొడుక్కోండి, లేదంటే ఇంటికెళ్ళండి అన్నారు. బొమ్మ అంతగా కనపడని ఇద్దరిని క్లాసుకి వెళ్ళనిచ్చారు. మిగిలినవాళ్ళు తిరగెయ్యం అని ఇంటికెళ్ళిపోయారు. శిక్ష ఏమీ వెయ్యలేదు, ఆ రోజు గైర్హాజరుని అనుమతితో తీసుకున్న సెలవుగానే రాశారు. అయినా వార్త టీవీలకెక్కింది. అమెరికాలో అమెరికా జెండా వేసుకోకూడదా అని దేశమంతా ఊగిపోయింది.

ఆ వాక్యం ఒక్కటే వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది. తర్వాత కోర్టు కాగితాల్లో ముందు ఏడాది సంగతి బయటికొచ్చింది. 2009లో అదే రోజున, అదే బళ్ళో కొందరు మెక్సికన్ పిల్లలు మెక్సికో జెండా పట్టుకు తిరిగారు. దానికి పోటీగా కొందరు తెల్ల పిల్లలు చెట్టుకి అమెరికా జెండాలాంటిది కట్టి, చప్పట్లు కొడుతూ 'యూఎస్ఏ' అని అరిచారు. బూతులు, బెదిరింపులు నడిచాయి. ఆ బడి ప్రిన్సిపాల్ తను పనిచేసిన ఆరేళ్ళలో కనీసం 30 కొట్లాటలు చూశారని తీర్పులోనే ఉంది. 2010లో చొక్కాలు కనపడగానే పెద్దవాళ్ళ గుండెల్లో రాయి పడింది అందుకే.

చెట్టుకి జెండా కట్టిన మే నెలకీ, చొక్కాలు తిరగెయ్యమన్న మే నెలకీ మధ్య పన్నెండు నెలలున్నాయి. ఇలాంటి గొడవ ఏ బళ్ళో జరిగినా నేను అడిగేది ఆ పన్నెండు నెలల సంగతే. ఆ ఉదయం అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ముందున్న దారులన్నీ చెడ్డవే. ఆయన స్థానంలో ఉంటే నేనైనా బహుశా తిరగెయ్యమనేదాన్నే.

2. ఏ పండగ గురించి పోట్లాడుతున్నారో ముందు తెలుసుకోనివ్వండి.

సింకో డె మాయో అంటే మెక్సికో స్వాతంత్ర్య దినం అనుకునేవాళ్ళు ఉపాధ్యాయుల్లోనే బోలెడుమంది. అది సెప్టెంబరు 16. మే 5 మాత్రం 1862లో పుయెబ్లా దగ్గర మెక్సికో సైన్యం ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. ఆ యుద్ధం నడిపిన ఇగ్నాసియో సారగోసా పుట్టింది ఇప్పటి టెక్సాస్‌లో, అప్పటికది మెక్సికో నేల. ఇంకో సంగతి పిల్లలకి చెబితే నోరు తెరుచుకుని వింటారు. మెక్సికోలో పుయెబ్లా దాటితే ఈ పండగకి పెద్ద సందడి ఉండదు. దీన్ని పెంచి పెద్ద చేసింది కాలిఫోర్నియాలో ఉన్న స్పానిష్ మాట్లాడే జనం, అదీ 1860లలోనే. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం. బానిసత్వానికి ఎదురు నిలిచిన ఉత్తరాది పక్షాన ఉన్న ఆ జనానికి పుయెబ్లా గెలుపు తమ గెలుపులాగే అనిపించింది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ ప్రొఫెసర్ డేవిడ్ హేస్-బౌటిస్టా దీని మీద పుస్తకమే రాశారు.

అంటే అమెరికా జెండా చొక్కాతో ఎదిరించిన పండగ అమెరికా గడ్డ మీద ఎదిగిన పండగే. ఈ ముక్క ఏప్రిల్‌లో ఒక్క పీరియడ్ చెబితే మేలో సగం వేడి చల్లారుతుంది. హిస్టరీ మాస్టారు సెలవులో ఉంటే లెక్కల టీచరైనా చెప్పొచ్చు, నేను చెప్పాను.

3. చట్టం ఏమంటుందో పిల్లలకంటే ముందు మనకి తెలియాలి.

1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డి మోయిన్‌లో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం చేతికి నల్ల పట్టీలు కట్టుకుని బడికెళ్ళారు. మేరీ బెత్ టింకర్‌కి అప్పుడు పదమూడేళ్ళు. సస్పెండ్ చేశారు. 1969లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో పిల్లల పక్షాన నిలబడింది. బడి గేటు దాటినంత మాత్రాన పిల్లలు తమ భావప్రకటన హక్కుని వదులుకున్నట్టు కాదంది. చదువుకి గట్టి ఆటంకం కలుగుతుందనో, ఇంకొకరి హక్కుకి భంగమనో బడి చూపించగలిగితేనే ఆపొచ్చు. ఏదో అవుతుందేమోనన్న ఊహ చాలదు.

ఆ తీర్పులో నాకిష్టమైన వివరం ఇంకోటుంది. అదే బడుల్లో రాజకీయ బ్యాడ్జీలు పెట్టుకున్నా ఎవరూ పట్టించుకోలేదు, నాజీలతో ముడిపడిన ఐరన్ క్రాస్ తగిలించుకున్నా అడ్డు చెప్పలేదు. నల్ల పట్టీ దగ్గరే రూలు గుర్తొచ్చింది. కాబట్టి నోటీసు రాసేటప్పుడు చూసుకోవాల్సింది ఇది: ఒక్క జెండా పేరే అందులో ఉందంటే ఆ కాగితం చింపెయ్యండి.

కాలిఫోర్నియాలో దీనికి తోడు ఎడ్యుకేషన్ కోడ్ 48907 సెక్షన్ ఉంది. బ్యాడ్జీలు, బటన్లు, చిహ్నాలు పెట్టుకునే హక్కుని పేరు పెట్టి మరీ చెబుతుంది.

4. బెదిరించినవాణ్ణి వదిలేసి, బెదిరింపుకి గురైనవాణ్ణి ఇంటికి పంపడం తేలిక. ఆ తేలికదనమే మనల్ని మోసం చేస్తుంది.

లైవ్ ఓక్ పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. కింది కోర్టులో ఓడారు. 2014 ఫిబ్రవరిలో నైన్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టులోని ముగ్గురు జడ్జీలు కూడా బడి చేసింది సబబే అన్నారు. ముందు ఏడాది గొడవ ఉంది, ఆ రోజు కూడా పిల్లలు వచ్చి కొట్లాట కాబోతోందని చెప్పారు, కాబట్టి భయం ఊహ కాదని వాళ్ళ వాదన. ఎక్కువమంది జడ్జీలతో మళ్ళీ వినాలన్న అర్జీని అదే ఏడాది సెప్టెంబరులో తోసిపుచ్చారు. 2015 మార్చి 30న సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు. తీసుకోలేదంటే ఒప్పుకున్నట్టు కాదు, కానీ కాలిఫోర్నియా బడులకి నైన్త్ సర్క్యూట్ మాటే మిగిలింది.

సెప్టెంబరులో అసమ్మతి రాసిన జడ్జి ఓ'స్కాన్లెయిన్ వాదన వేరు. చొక్కా వేసుకున్నవాడు ఎవరి జోలికీ పోలేదు. కొడతామన్నది అవతలివాళ్ళు. కొడతామన్నవాళ్ళ మాట చెల్లిస్తే, రేపు ఎవరి నోరు మూయించాలన్నా కొడతామంటే సరిపోతుందని పిల్లలు నేర్చుకుంటారు. ఆ ఉదయం కంగారులో నేనూ తిరగెయ్యమనేదాన్నేమో గానీ, చట్టం ఏ పక్కనున్నా, క్లాసులో నిలబడ్డ మనిషిగా నేను ఈ అసమ్మతి పక్షం. మెక్సికన్ పిల్లాడి చొక్కా మీద వాళ్ళ జెండాలోని గద్ద బొమ్మ చూసి ఎవరైనా కొడతామన్నా నా మాట ఇదే.

నేను పనిచేసిన ఒక బళ్ళో ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ మర్నాడు నీలం జెర్సీలూ ఆకుపచ్చ జెర్సీలూ ఒకే బెంచీ మీద కూర్చునేవి. ఓడిన జట్టు జెర్సీ వేసుకొచ్చిన కుర్రాణ్ణి ఏడిపించినవాళ్ళని నేను బయటికి పిలిచేదాన్ని. జెర్సీ విప్పమని ఎవరికీ చెప్పలేదు. ఒకసారి మన తెలుగు పిల్లాడే దొరికాడు. "మేడమ్, వాడే ముందు మొదలుపెట్టాడు" అన్నాడు. "వాడు మొదలెట్టింది జెర్సీతో, నువ్వు మొదలెట్టింది తిట్టుతో. రెండూ ఒకటేనా నాన్నా?" అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఇద్దరూ కలిసి నా దగ్గరే ట్యూషన్‌కి చేరారు, అది వేరే సంగతి.

5. దేశభక్తి వద్దనకూడదు, మెడ మీద చెయ్యి వేసి చేయించకూడదు.

"ఆంటీ, మేం హెచ్-1 మీద ఉన్నాం కదా, మా వాడు పొద్దున్నే ప్లెడ్జ్ చెప్పాలా?" అని అడిగే తల్లులకి ఈ పాఠం. ప్లెడ్జ్ అంటే బళ్ళో జెండాకి చెప్పే ప్రతిజ్ఞ. పౌరసత్వం ఉన్న పిల్లాడైనా సరే, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. 1940లో అమెరికా సుప్రీంకోర్టు జెండా వందనం తప్పనిసరి చెయ్యొచ్చంది. మూడేళ్ళకే తన మాట తనే కొట్టేసింది. 1943 జూన్ 14న, సరిగ్గా అమెరికా ఫ్లాగ్ డే నాడు, అదీ ప్రపంచ యుద్ధం మధ్యలో! ఆ కేసుల్లో వందనం చెయ్యమన్న పిల్లలు జెహోవా విట్‌నెస్‌లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు, వాళ్ళ మతం దానికి ఒప్పుకోదు.

మన దేశంలోనూ అదే మతానికి చెందిన ముగ్గురు పిల్లల్ని 1985లో కేరళలో బడి నుంచి తీసేశారు. జాతీయగీతం పాడుతున్నప్పుడు వాళ్ళు మర్యాదగా నిలబడేవారు, నోరు మాత్రం కదిపేవారు కాదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమని తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. గీతానికి లేచి నిలబడ్డవాడు దాన్ని అవమానించినట్టు కాదన్నారు, సహనం మన సంప్రదాయమనీ రాజ్యాంగమనీ గుర్తుచేశారు. ఆ తీర్పులో అమెరికా కేసుల చర్చ కూడా ఉంది. ఇక్కడి తెలుగు సంఘాల ఆగస్టు పదిహేను సభల్లో ఎందరెందరికో దండలు వేస్తారు, ఈయన పేరు ఎవరూ తలవరు. నాకదే బాధ.

6. జెండా గుడ్డ వేరు, జెండా బొమ్మ వేరు. రెండు దేశాల రూళ్ళూ వేరు.

అమెరికా ఫ్లాగ్ కోడ్ జెండాని దుస్తులుగా వాడొద్దనే అంటుంది. పాటించకపోతే శిక్ష లేదు, అది మర్యాద సూత్రం మాత్రమే. ఇండియాలో చట్టం ఉంది. 2005 సవరణ తర్వాత నడుము కింద తొడిగే దేని మీదా జెండా ఉండకూడదు. లోదుస్తుల మీద, రుమాళ్ళ మీద, కుషన్ల మీద కూడా కూడదు. అందుచేత మూడు రంగుల లెగ్గింగ్స్ మీద అశోకచక్రం అచ్చువేసి అమ్ముతుంటే కొనకండి. కాషాయం కుర్తా, ఆకుపచ్చ చున్నీ హాయిగా వేసి పంపండి.

7. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే.

గొంతు పెంచకండి. ఏ రూలు ప్రకారం అని అడిగి, ఆ రూలుని ఈమెయిల్‌లో పంపమనండి. పిల్లాడిని ఇంటికి పంపుతున్నారా, ఆ రోజు హాజరు ఎలా రాస్తున్నారు, రికార్డులో ఏమైనా ఎక్కుతుందా అని కనుక్కోండి. ఇవాళ ఆ చొక్కా ఎందుకు వేసుకున్నావని మీ వాణ్ణి ఇంటికొచ్చాక అడగండి, అదీ అన్నం తిన్నాక. లైవ్ ఓక్ పిల్లలకి ఆ రోజు తర్వాత ఫోన్లలో బెదిరింపు మెసేజ్‌లు వచ్చాయి, భయపడి తల్లిదండ్రులు ఒకరోజు బడి మాన్పించారు. అలాంటివి వస్తే చెరిపెయ్యకండి, స్క్రీన్‌షాట్ తీసి ప్రిన్సిపాల్‌కీ అవసరమైతే పోలీసులకీ పంపండి. పిల్లాడు 'అబ్బే, ఏం లేదమ్మా' అంటాడు. అయినా ఫోన్ చూడండి.

8. టీచర్లకి, చివరగా.

మే 5 గురించి మీటింగు పెట్టాల్సింది ఫిబ్రవరిలో. పెద్దవాళ్ళు మాత్రమే కూర్చుంటే లాభం లేదు. మెక్సికన్ పిల్లల క్లబ్బు నుంచి ఇద్దరు, ట్రక్కుకి జెండా కట్టుకుని బడికొచ్చే కుర్రాళ్ళలోంచి ఇద్దరు, ఏ గొడవలోనూ లేని పిల్లలు ఇద్దరు రావాలి. ఏ జెండా అయినా వేసుకోవచ్చు, ఎవరినీ చుట్టుముట్టి అరవకూడదు అన్న రెండు ముక్కల మీద వాళ్ళచేతే సంతకాలు పెట్టించండి. నేను చూసిన ఒక బళ్ళో ఆ కాగితం రాసింది పదకొండో తరగతి అమ్మాయి, వాళ్ళ నాన్నది మెక్సికోలోని మిచోవకాన్. ట్రక్కు కుర్రాడు చదివి, స్పెల్లింగ్ తప్పు ఒకటి దిద్ది, సంతకం పెట్టాడు. పిజ్జా మాత్రం తప్పకుండా తెప్పించండి, అది లేకపోతే ఎవరూ రారు.