పంట కవరు, పండ్ల సంచి: తూచి, ముద్ర చూసి కొనండి



పాల సంఘానికి పంట కవర్లతో పని ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. మన సభ్యులలో చాలామందికి రెండు గేదెలతోపాటు నాలుగు మామిడి చెట్లో, అరటి తోటో, కూరగాయల మడో ఉన్నది. తోటలో చిరిగిన కవరు ముక్క గట్టు మీది గడ్డిలో కలిసి పశువు కడుపులోకి పోతున్నది. అందుచేత ఇది మన పాఠమే.

ఒక సంఘంలో లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు తెలిసిన సంగతి ఇది. ఒక సభ్యుడు చౌకగా వచ్చినదని తెల్లని కవరు కొని టమాటా మొక్కలపై కప్పినాడు. రెండు నెలలు తిరగకముందే అది ఎండకు పెళుసెక్కి, పట్టుకుంటే పీలికలయినది. ఆ పీలికలు గాలికి పచ్చగడ్డిలో పడినవి. కొంతకాలానికి ఆయన గేదె మేత మానినది, నెమరు నిలిచినది. పశువైద్యుడు పొట్ట కోసి ముద్దకట్టిన ప్లాస్టిక్ తీసినారు. గేదె బ్రతికినది గాని ఆ ఈతలో పాలు మళ్ళీ పుంజుకోలేదు. సంఘం రిజిస్టరులో ఆయన పేరు ఎదుట చాలా పూటలు ఖాళీగా ఉన్నవి. కవరుకు బిల్లు లేదు, దానిపై తయారీదారు పేరు లేదు. ఇక ఎవరిని అడగగలడు?

1. కవరు ఎందుకు చెడుతుంది?

ఈ తెల్లని కవర్లు, పలుచని బట్టవంటి సంచులు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులను నేయకుండా అతికించి చేసినవి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ పోగులను తినివేస్తాయి. వాటిని తట్టుకొనే పదార్థాన్ని తయారీలోనే తగినంత కలపాలి. అది తగ్గిస్తే సరుకు చౌక అవుతుంది. కొన్ననాడు మాత్రం మంచిదీ, నాసిదీ ఒక్కలాగే కనిపిస్తాయి. పాలలో కలిపిన నీళ్ళు కంటికి కనిపిస్తాయా? ఇదీ అంతే.

2. మీరే చేయగల పరీక్ష: తూకం

కవరుపై 17 జి.ఎస్.ఎం. అని ఉంటే, చదరపు మీటరు బట్ట 17 గ్రాములు తూగాలని అర్థం. 1.6 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు గల చుట్టను తీసుకుందాం.

వైశాల్యం: 1.6 × 400 = 640 చదరపు మీటర్లు.
బరువు: 640 × 17 = 10,880 గ్రాములు, అనగా సుమారు 10 కిలోల 900 గ్రాములు.

లోపలి అట్ట గొట్టం బరువు తీసివేసి లెక్క చూడాలి. చుట్ట 8 కిలోలే తూగితే పలుచని బట్ట అయినా ఇచ్చినారు, పొడవైనా తగ్గించినారు. సంచులకు కూడా ఇదే లెక్క. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు గల సంచికి రెండు వైపులా కలిపి 0.24 చదరపు మీటరు బట్ట పడుతుంది. 17 జి.ఎస్.ఎం. అయితే నూరు సంచులు సుమారు 408 గ్రాములు ఉండాలి. కుట్టు, తాడు బరువు దీనికి అదనం.

3. తూకం చెప్పలేనిది ముద్ర చెబుతుంది

ఎండకు ఎంతకాలం ఆగుతుందో తూకం చెప్పదు. ప్రయోగశాలలో దీపాల కింద గంటల తరబడి ఉంచి, తరువాత ఎంత బలం మిగిలినదో కొలవాలి. రైతు ఇంటి వద్ద చేయలేని ఈ పనికే ప్రమాణ ముద్ర ఉన్నది. 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ స్థానంలో 1987 ఏప్రిల్ 1 నుంచి భారత ప్రమాణాల బ్యూరో పనిచేస్తున్నది. ముద్రకు మాత్రం ఐ.ఎస్.ఐ. అనే పాత పేరే నిలిచినది. ముద్ర వద్ద రెండు నంబర్లు చూడండి:

(అ) పైన ప్రమాణం నంబరు. నీడ వలలకు ఐ.ఎస్. 16008. ఒక సరుకు నంబరు మరొక సరుకుకు చెల్లదు.
(ఆ) కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో లైసెన్సు నంబరు. ఇది లేని ముద్రను నమ్మవద్దు.

ఫోనులో "బి.ఐ.ఎస్. కేర్" యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొట్టితే ఏ కంపెనీకి, ఏ సరుకుకు ఇచ్చినదో తెలుస్తుంది. మీకు రాకపోతే సంఘం కార్యదర్శి సహాయం తీసుకోండి.

4. పొరపాటు పడే చోటు

"మాది ఐ.ఎస్.ఓ. 9001 కంపెనీ" అని కొందరు అమ్మకందారులు కాగితం చూపుతారు. అది కంపెనీ పని నడిపే పద్ధతికి ఇచ్చినది. మీ చేతిలోని కవరు నాణ్యతకు ఇచ్చినది కాదు. ముద్ర గల సరుకు దొరకనప్పుడు, ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు గల ప్రయోగశాల పరీక్షా పత్రం అడగండి. పత్రంలోని బ్యాచి నంబరు, జి.ఎస్.ఎం. సరుకుపై ఉన్నవాటితో సరిపోవాలి.

5. కొన్న తరువాత

బిల్లుపై జి.ఎస్.ఎం., బ్యాచి నంబరు వ్రాయించండి. కవరులో ఒక మూర ముక్కను కత్తిరించి, ఎండ తగలని చోట బిల్లుతోపాటు దాచండి. సరుకు చెడితే బ్యూరోకు గాని, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనుకు గాని ఫిర్యాదు చేయడానికి ఇవే ఆధారం. పంట తీసిన నాడే చిరిగిన ముక్కలన్నీ ఏరి గోతాంలో కట్టండి. అది పూర్తయ్యే వరకు ఆ చేలో పశువును మేపవద్దు, ఆ గట్టు గడ్డి కోయవద్దు. ముద్ర ఉన్న కవరైనా పశువు కడుపులో అరగదు.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. 25 జి.ఎస్.ఎం. కవరు, 1.6 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు. చుట్ట బరువు ఎంత ఉండాలి? (జవాబు: 8 కిలోలు)
2. మీ ఊరిలో ఈ ఏడు కొన్న కవర్లలో లైసెన్సు నంబరు ఉన్నవి ఎన్ని?
3. పదిమంది సభ్యులు కలిసి ఒకేసారి కొంటే, పరీక్షా పత్రం గట్టిగా అడగడానికి వీలవుతుందా?

పాలు పోసేటప్పుడు వెన్న శాతం చూపమని మనం అడుగుతాము. అది మన హక్కు. కవరు కొనేటప్పుడు కూడా అంత గట్టిగానే అడుగుదాము.