గోకర్ణలో ఆఖరి రోజు

ప్రశ్న: ఒంటరిగా గోకర్ణ వచ్చాను. రేపు పొద్దున 10 గంటలకు గది ఖాళీ చేయాలి, రైలేమో రాత్రికి. అందాకా ఈ బ్యాగుతో ఏం చేయను?

జవాబు: బ్యాగు మోసుకు తిరగకండి. అడిగితే సాయంత్రం దాకా సామాను ఉంచుకోవడానికి హాస్టల్ వాళ్లు సాధారణంగా కాదనరు. డబ్బు, ఫోను, గుర్తింపు కార్డు మాత్రం మీ దగ్గరే ఉండాలి.

ఎండెక్కకముందే కుడ్లే బీచ్ నుంచి కొండ మీదుగా ఓం బీచ్‌కి నడవండి. ఎర్రమట్టి దారి, అరగంట పడుతుంది. అక్కణ్నుంచి హాఫ్‌మూన్, పారడైజ్ బీచ్‌లకూ కాలిబాట ఉంది. కానీ తోడు లేకుండా, అదీ ప్రయాణం పెట్టుకున్న రోజున, నేనైతే వెళ్లమనను. రాళ్ల మీద కాలు మడత పడితే పలకరించే దిక్కుండదు.

సముద్రస్నానం మధ్యాహ్నంలోపే ముగించండి. తడిబట్టలు అలాగే కుక్కారా, తెల్లారేసరికి బ్యాగంతా ముక్కవాసనే! సాయంత్రం గుడిలో మహాబలేశ్వరుడి దర్శనం. మగవాళ్లు చొక్కా విప్పి పంచె కట్టుకోవాలి కాబట్టి అదొకటి బ్యాగులో పైపైనే పెట్టుకోండి.

అన్నట్టు, గోకర్ణ రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, చాలా దూరం. రాత్రిపూట ఆటో దొరక్క అవస్థపడతారు, పగలే మాట్లాడిపెట్టుకోండి.