నమూనా రైలు ఇంజన్ ఆగిపోయిందా? ముందు మోటారును చూడండి

నిన్నటిదాకా చక్కగా తిరిగిన నమూనా రైలు ఇంజన్ ఈ రోజు కదలదు. లోపలున్న డీకోడర్ కాలిపోయిందని కొత్తది బిగిస్తారు. కాసేపటికి అదీ కాలిపోతుంది. అసలు లోపం మోటారులో ఉంటే ఇలాగే జరుగుతుంది.

పాత డీసీ పద్ధతిలో సుమారు 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు పట్టాల నుంచి చక్రాల ద్వారా నేరుగా మోటారుకు చేరుతుంది. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాలపై పూర్తి వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. దాని ధ్రువాలు సెకనుకు వేలసార్లు తారుమారవుతాయి. ఆ వ్యవధిలోనే సందేశం ఉంటుంది: ఒక్కో దిశలో 58 మైక్రోసెకన్లు ఉంటే 1, 100 లేదా అంతకు మించి ఉంటే 0. డీకోడర్ దీన్ని చదివి, తన నంబరుకు వచ్చిన ఆదేశం ప్రకారం మోటారును నడుపుతుంది.

ఇంజన్ దీపం మిణుకుమంటూ, వేలితో తోస్తే కదులుతుంటే అది మురికి పనే. పట్టాలు, చక్రాలు, చక్రాలను తాకే రాగి రేకులు తుడిస్తే చాలు. అలా కాకపోతే డీకోడర్ తీసి, దాని స్థానంలో డమ్మీ ప్లగ్ పెట్టి, డీసీ మీద నడిపి చూడండి. బాగా నడిస్తే లోపం డీకోడర్‌లోనో, దాని సెట్టింగుల్లోనో ఉన్నట్టు. చాలా డీకోడర్లకు ఫ్యాక్టరీలో ఇచ్చే నంబరు 3. ఎవరైనా దాన్ని మార్చి మరిచిపోయి ఉండవచ్చు!

డీసీ మీద కూడా నడవకపోతే మోటారు తీగలు రెండూ విడదీసి, వాటి మధ్య నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలవండి. 20 ఓమ్‌లు ఉంటే, 12 వోల్టుల వద్ద మోటారు బిగుసుకుపోయినా 0.6 ఆంపియర్లకు మించి లాగదు. 6 ఓమ్‌లే ఉంటే 2 ఆంపియర్లు లాగుతుంది. 1 ఆంపియరు డీకోడర్ దాన్ని తట్టుకోలేదు.

ఒక్క రీడింగ్‌తో సరిపెట్టుకోవద్దు. ఇరుసును కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆపిన ప్రతిసారీ కొలవండి. తిరుగుతుండగా కొలిస్తే మోటారే జనరేటరుగా మారి, మీటరు తప్పు చూపుతుంది. చక్రాన్ని పట్టుకుని తిప్పాలని చూడకండి, వర్మ్ గేరు తిరగనివ్వదు. ఒకచోట నిరోధం బాగా పడిపోతే కమ్యుటేటర్ రేకుల మధ్య గాడుల్లో కార్బన్ పొడి చేరిందేమో చూడాలి. అతిగా వేసిన నూనెలో ఆ పొడి ముద్దలా అంటుకుంటుంది. సన్నని చెక్కపుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. ఒకచోట నిరోధం బాగా పెరిగితే అక్కడ మసి పట్టి ఉండవచ్చు, తీగచుట్ట తెగి ఉండవచ్చు.

డీసీ నుంచి డీసీసీకి మార్చిన పాత ఇంజన్లలో మరో ప్రమాదం ఉంది. వాటిలో మోటారు బ్రష్షు ఒకటి లోహపు చట్రాన్ని తాకుతూ, దాని ద్వారా పట్టాకు కలుస్తుంది. డీసీలో అది మామూలే. డీసీసీలో మాత్రం పట్టా విద్యుత్తు డీకోడర్ మోటారు వైపు నుంచి దూరి, దాన్ని క్షణాల్లో కాల్చేస్తుంది. అందుకే డీకోడర్ లేనప్పుడు ఒక్కో బ్రష్షుకూ చక్రాలకూ మధ్య మీటరు బీప్ వినిపించకూడదు. వినిపిస్తే ఆ బ్రష్షును చట్రం నుంచి వేరుచేసి ఇన్సులేట్ చేయాలి.

ఇవన్నీ సరిచూశాక కొత్త డీకోడర్ బిగించి, ఇంజన్‌ను మొదట ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టండి. అక్కడ కరెంటు పరిమితంగా అందుతుంది కాబట్టి, ఇంకా ఏదైనా పొరపాటు మిగిలి ఉన్నా డీకోడర్ కాలిపోయే ప్రమాదం తక్కువ.